ఆ మేక మాత్రం ఉండాలి

ఆదివారం సంచిక పేజీలు గురువారం మధ్యాహ్నానికే తయారయ్యేవి. ఆ గురువారం మూడు గంటల వేళ ప్రకటనల విభాగం నుంచి ఒక చీరల దుకాణం ప్రకటన ఆలస్యంగా వచ్చింది. నాలుగో పేజీ చివరి కాలమ్ అడుగున రెండంగుళాలు కావాలన్నారు. ఆ పేజీ మొత్తం నేను రాసిన కథనమే. పేజీ అతికించే ఆయన స్టీలు స్కేలుతో కొలిచి, "పదకొండు లైన్లు పోవాలి సార్. ఎక్కడ తియ్యమంటారు?" అన్నాడు.

"అడుగున," అన్నాను.

అప్పట్లో కంప్యూటర్లో కొట్టిన అక్షరాలు బ్రోమైడ్ అనే మందపాటి ఫోటో కాగితం మీద దిగేవి. దాన్ని కాలమ్ వెడల్పున కోసి, గమ్ము రాసి పేజీ షీటు మీద అతికించేవాళ్లు. మధ్యలో ఏదైనా తీయాలంటే కోసిన చోటు నుంచి కిందిదంతా పైకి జరపాలి, అతుకు దగ్గర వాక్యం కుదరాలి. అడుగున తీయడానికి ఒక్క గీటు చాలు. కట్టరు నేనే అందుకుని, స్కేలు ఆనించి లాగాను. ఊడిన ముక్క నా బొటనవేలికి అంటుకుంది. బల్ల అంచుకు రాసి వదిలించుకున్నాను. పావుగంటలో పేజీ కెమెరా గదికి వెళ్లిపోయింది.

ఆ ముక్కలో ఒక మేక ఉంది. ఒక పెద్దాయన దాన్ని యాభై ఏళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, చివరికి నా చేతిలో పెట్టారు. "మీరు ఏం తీసేసినా ఆ మేక మాత్రం ఉండాలి" అని రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ నేను తల ఊపాను.

అది తొంభైల మధ్యకాలం. నేను విజయవాడలో ఒక దినపత్రికలో పనిచేస్తున్నాను. తంతి ఆఫీసుల్లో టెలిగ్రాములు కొట్టే పాత మోర్సు మీటలు మూలపడి చాలా కాలమైంది. ఆ టిక్కు టిక్కు భాష తెలిసినవాళ్లు ఊళ్లో ఎంతమంది మిగిలారో చూసి రాద్దామని బయల్దేరి, భవానీపురంలో ఆయన ఇల్లు చేరాను. తంతి శాఖలో రిటైరైన ముస్లిం పెద్దాయన. ఎనభైకి దగ్గరలో ఉన్నారు. తంతిని తార్ అనే అలవాటుతో వీధిలో అందరూ తార్ మాస్టారు అనేవాళ్లు. మున్సిపల్ స్కూల్లో టీచరుగా ఉన్న కూతురి దగ్గర ఉండేవారు.

"చెవులు బాగా పనిచేస్తాయాండీ?" అని నేను అడిగితే, కూతురే జవాబు చెప్పింది.

"ఇంట్లో ఉప్పు అయిపోయిందంటే వినపడదు సార్. గోడ మీద బల్లి టిక్కుమంటే మాత్రం ఏ అక్షరమో చెప్తారు."

"బల్లి ఏనాడూ పూర్తి మాట కొట్టదమ్మా, అదే బాధ," అన్నారాయన.

మొదటి రోజు తంతి సంగతులే చెప్పారు. లేచి వస్తుంటే గుమ్మం దగ్గర ఆపి, "మీ పేపరు చల్లపల్లి దాకా పోతుందాండీ?" అని అడిగారు.

"చల్లపల్లేంటి మాస్టారూ, నాగాయలంక దాకా పోతుంది. తెల్లారేసరికి ఉంటుంది."

"ఆడవాళ్లు చదువుతారా?"

"ఆదివారంది వాళ్లే ఎక్కువ చదువుతారు."

"అయితే ఇంకోసారి రండి బాబూ. తీరుబడిగా రండి," అన్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆయన కూతుర్ని టీ పెట్టమని లోపలికి పంపి, రెండో ప్రపంచయుద్ధం సంగతి మొదలుపెట్టారు. తంతి శాఖలో చేరిన రెండేళ్లకు ఆయన్ని యుద్ధం పనికి తీసుకున్నారట. కలకత్తా శివార్లలో ఒక తోట బంగళా. అందులో పొడవాటి గది, బల్లలు, పెన్సిళ్లు, గళ్ల కాగితాలు. జపాను సైన్యం చేతిలో ఉన్న బర్మాలోకి మనవైపు నుంచి రహస్యంగా మనుషుల్ని దింపేవాళ్లు. వాళ్లు అడవిలో రేడియో పెట్టుకుని గుప్తభాషలో సందేశాలు పంపేవాళ్లు. ఆ గుప్తభాషను విప్పి మామూలు ఇంగ్లీషులో పెట్టడం, ఇటునుంచి వెళ్లే జవాబును గుప్తభాషలోకి మార్చడం ఈ గదిలోవాళ్ల పని. మనుషుల పేర్లు గదిలో ఎవరికీ తెలియవు. నంబర్లే.

విప్పడం ఎలాగో క్యాలెండరు వెనక వేసి చూపించారు. ప్రతి మనిషికీ ఒక తాళపు వాక్యం ఉంటుంది. కాగితం మీద ఉంటే దొరికిపోతుంది కాబట్టి, ఎన్నటికీ మరిచిపోని వాక్యాన్ని అతనే ఎంచుకుని మనసులో పెట్టుకోవాలి. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అక్షరక్రమాన్ని బట్టి అంకెలు వేస్తారు. సందేశాన్ని ఆ అంకెల కింద వరసలుగా రాసి, నిలువుగా, అంకెల క్రమంలో ఎత్తి పంపుతారు. అదే వాక్యం ఇవతల ఉన్నవాడికి తెలిస్తేనే అక్షరాలు మళ్లీ తమ తమ చోట్లకు వస్తాయి. చాలామంది ప్రార్థనలు, పద్యాలు పెట్టుకున్నారట.

"పదిహేడో నంబరు వాడిది చూడగానే నేను నవ్వాపుకోలేకపోయానండీ. పక్కన కూర్చున్న బెంగాలీ ఆయన ఏంటేంటి అని అడుగుతాడు. ఎలా చెప్పను? గదిలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మిగతా అందరికీ అది బర్మా భాషో, పిచ్చిరాతో."

ఆ వాక్యం ఇది: చల్లపల్లి సంతలో కొన్న ఎర్ర మేక చెల్లి పలక నాకేసింది.

ఆ రోజుల్లో మన తీరం నుంచి రంగూన్‌కు కూలికి, వ్యాపారానికి పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. పదిహేడో నంబరు వాడు అలా పోయి బర్మా భాష నేర్చినవాడై ఉంటాడని ఆయన ఊహ. పేరు తెలియదు, ముఖం తెలియదు. ఏడు నెలలపాటు ఆ మేక, ఆ పలక, ఆ చెల్లి రోజూ ఆయన పెన్సిలు కిందకు వచ్చేవి. అతను పంపే వంతెనల సంగతీ, లారీల సంగతీ వాటి కింద రాసుకునేవారు.

"నాకూ ఒక చెల్లెలుందండీ. దానికీ పలక ఉండేది. అందుకని వాడు నా మనిషైపోయాడు."

టీ వచ్చింది. కూతురు కప్పులు పెట్టి లోపలికి వెళ్లాకే ఆయన మిగతాది చెప్పారు.

పదిహేడో నంబరు సందేశాన్ని విప్పితే, ఏడో మాటగా ఎప్పుడూ అర్థంలేని ఐదక్షరాలు ఉండేవి. అదేదో అతని అలవాటు అనుకున్నారాయన. ఒకరోజు ఆ మాట లేదు. సందేశం శుభ్రంగా, నున్నగా ఉంది. తంతి ఆఫీసులో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది: మాట తగ్గితే, పంపినవాణ్ని తిరిగి అడగాలి. అడగకపోతే పనిలో తప్పు. ఇటునుంచి వెళ్లే ప్రతి జవాబు చివర, సరిగా అందని మాటల్ని మళ్లీ పంపమని అడిగే ఒక వరుస ఉండేది. అది రాసేది గుమాస్తాలే. పై అధికారులు చూసేవాళ్లు కాదు. ఆయన ఆ వరుసలో రాశారు: ఏడో మాట అందలేదు, మళ్లీ పంపు.

మర్నాటి సందేశంలో ఏడో మాట వచ్చింది. ఆ తర్వాత ప్రతిదాంట్లోనూ వచ్చింది. నెల తిరక్కుండా అతను చెప్పిన చోట ఇంకో ఇద్దరిని దింపారు. ఆ ఇద్దరి నుంచి ఒక్క సందేశం రాలేదు.

ఒక అధికారి వచ్చి పదిహేడో నంబరు కాగితాలన్నీ తెప్పించుకుని, "ఎప్పుడైనా ఏడో మాట రాకుండా ఉందా?" అని అడిగాడట. ఆ ప్రశ్న విన్నప్పుడు గానీ ఆయనకు అర్థం కాలేదు. శత్రువు చేతికి చిక్కినవాడు మెడ మీద కత్తి పెట్టించుకుని సందేశం పంపాల్సి వస్తే, ఆ ఒక్క మాట వదిలేస్తాడు. అదే గుర్తు. నన్ను పట్టుకున్నారు, నమ్మకండి అని చెప్పే గుర్తు. ఈయన అది ఎక్కడని అడిగారు. పట్టుకున్నవాళ్లు ఆ ప్రశ్న చదివి, దాన్ని అతని చేత చెప్పించి పెట్టించారు.

"మీరేమన్నారు మాస్టారూ?"

"లేదు సార్, ఎప్పుడూ వచ్చింది అన్నాను. పని అవగానే చిత్తు కాగితాలు చింపెయ్యడం అక్కడి పద్ధతి, నేను రాసింది అప్పటికే లేదు."

ఆయన నా వైపు చూడలేదు. క్యాలెండరు వెనక వేసిన గళ్లనే చూస్తూ అన్నారు: "ఇది మా ఇంట్లో కూడా తెలీదు. మీకెందుకు చెప్పానంటే, ఊరికే మేక గురించి వెయ్యమంటే మీరు వెయ్యరు. ఇది ఉంటే వేస్తారు. నా తప్పు ఎంత పెద్దక్షరాలతోనైనా వేసుకోండి. చివరికి ఆ మేక మాత్రం ఉండాలి. ఆ చెల్లి బతికుంటే, ఆ మాట చూస్తే, తెలుసుకుంటుంది. వాళ్లన్న ఎటు పోయాడో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండరండీ. అందరూ నంబర్లే కదా."

"మీరే ఎప్పుడైనా వెళ్లి వెతకలేదా?"

"చల్లపల్లి నాలుగుసార్లు పోయాను. సంత రోజునే పోయాను. ఎవర్నని అడగనండీ? పేరా తెలీదు. మీ ఇంట్లో పలక నాకిన మేక ఉండేదా అని అడిగితే తంతారు."

నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ఇబ్బందిగా ఉంటుంది.

పత్రికలో చేరిన కొత్తలో మాకు నేర్పే మొదటి సంగతి కూడా ఒకటుంది. ముఖ్యమైనది పైన, అంతకన్నా తక్కువది కింద. చోటు చాలకపోతే అడుగు నుంచి కోస్తారు. ఇది తెలిసిన నేను, ఆ వాక్యాన్ని తీసుకెళ్లి కథనం చిట్టచివర పెట్టాను. చదివేవాళ్ల గుండె పట్టేలా ఉంటుందని. పైన బ్యారేజీ మీద పొద్దువాలడం గురించి పది పన్నెండు లైన్లు రాశాను. దానికీ, ఆయనకూ ఏ సంబంధమూ లేదు. ఆయన ఇంటి నుంచి తిరిగి వస్తూ చూశాను, బాగుంది, రాశాను. పదకొండు లైన్లు పోవాలన్నప్పుడు ఆ పొద్దువాలడం తీసి ఉండవచ్చు. పైనున్న కాలమ్ కదపాలి, ఇంకో అరగంట పడుతుంది, పేజీ అతికించే ఆయన విసుక్కుంటాడు. అంతే. నిజానికి అంత కూడా కాదు. అది నేను రాసుకున్నది, నాకు నచ్చింది.

ఆదివారం కథనం వచ్చింది. శీర్షిక ఆయన తప్పు గురించే. నేనే పెట్టాను. 'తన ఇంటి సంగతినే ఒక వాక్యంగా మనసులో పెట్టుకున్నాడు' అన్నంతవరకు ఉంది. ఆ వాక్యం ఏమిటో లేదు. దాని స్థానంలో చీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంది.

సోమవారం నాలుగు కాపీలు తీసుకుని భవానీపురం వెళ్లాను. వీధి మొదట్లో టీ బడ్డీ దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. ఆయన పాల ప్యాకెట్టుతో వస్తున్నారు. ఒకతను నవ్వుతూనే అన్నాడు: "ఏం మాస్టారూ, ఇన్నాళ్లూ మాకు చెప్పనే లేదు. ముగ్గుర్ని మీరే పట్టించారంటగా?"

"ఇద్దర్ని బాబూ. మొదటివాడు అంతకుముందే చిక్కాడు," అన్నారాయన మామూలుగా, ఎవరో దారి అడిగితే చెప్పినట్టు.

ఇంట్లో కూతురు నాకు మంచినీళ్లు ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. ఆయన పేపరు మడత విప్పి నాలుగో పేజీ చూపించారు.

"మేక ఏదండీ?"

"చివర్లో ప్రకటన వచ్చింది మాస్టారూ. చోటు చాల్లేదు."

"చోటు చాల్లేదా," అన్నారు. కోప్పడలేదు. చివరి కాలమ్ మీద వేలు పెట్టి, కోసిన చోటు సరిగ్గా పట్టుకున్నారు. "ఇక్కడేగా ఉండాల్సింది."

"వచ్చే ఆదివారం వేరేగా, బాక్సు కట్టి వేస్తాను," అన్నాను.

మా ఇన్‌ఛార్జి దగ్గరకు వెళ్లి అడిగాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "తప్పు వేస్తే సవరణ వేస్తాం. వెయ్యనిదానికి సవరణ ఏంటయ్యా? ఒకసారి అయిపోయిందిగా ఆ ఐటమ్," అన్నాడు. గట్టిగా ఇంకో మాట అడిగితే ఒప్పుకునేవాడే. నేను అడగలేదు.

మూడో వారంలో ఆదివారం సంచిక పేరు మీద ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. దివిసీమలో, చల్లపల్లి దాటి, వంతెన కూడా దాటాక ఉన్న ఊరు. ఒక పెద్దావిడ చెబుతుంటే మనవడు రాసిన ఉత్తరం. తమ పెద్దన్నయ్య చిన్నతనంలోనే మేనమామ వెంట రంగూన్ వెళ్లాడని, యుద్ధం రోజుల్లో కలకత్తా నుంచి ఒక్క కార్డు ముక్క వచ్చిందని, తర్వాత జాడ లేదని. 'పేపర్లో ఉన్న మనిషి మా అన్నయ్యేమోనని అనుమానంగా ఉన్నది. ఆ ఇంటి సంగతి వాక్యం ఏమిటో పేపర్లో లేదు. దయచేసి తెలపగలరు.'

ఆ ఉత్తరం పట్టుకుని ఆటోలో భవానీపురం వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివించుకుని, చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. తర్వాత మొహం విప్పారింది.

"పోన్లెండి. మీరు కొయ్యడమే మంచిదైంది."

"అదేంటి మాస్టారూ?"

"పేపర్లో వచ్చుంటే చదివిన ప్రతివాళ్లూ మా ఇంట్లో మేకే అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట నాకు తెలుసు, మీకు తెలుసు, వాడి చెల్లికి తెలుసు. ఇంకెవరికీ తెలీదు. మీరు పోయి కూర్చోండి. ఊరికే మాట్లాడించండి. మేక మాట మీరెత్తొద్దు. ఆవిడ నోట్లోంచి రావాలి. వస్తే ఆవిడే. రాకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి."

నా తప్పును ఆయన తిప్పి నాకే ఒక పనిముట్టుగా ఇచ్చారు. మూడు వారాలుగా మోస్తున్న బరువు దిగినట్టయింది. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నందుకు కూడా ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ శనివారమే బయల్దేరాను. చల్లపల్లిలో బస్సు మారి, మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను. సిమెంటు రేకుల ఇల్లు, ముందు వాకిట్లో ఆరబోసిన మినుములు. పెద్దావిడ వాటి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మనవడు ఎరువుల కొట్లో పనిచేస్తాడు, నా కోసం సెలవు పెట్టాడట.

"పట్నం నించి మా అన్నయ్య కోసం వచ్చావా నాయనా?" అని నా చెయ్యి పట్టుకుంది. "వాడి కోసం ఇంతవరకు ఎవరూ రాలేదు."

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. అన్నయ్య వంకాయ తినేవాడు కాదు. నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేస్తే కాలవ అవతలకు వినపడేది. తాటిచెట్టు ఎక్కి జారి పడితే మోకాలు మీద మచ్చ ఉండిపోయింది. రంగూన్ వెళ్లే రోజు ఆవిడ ఏడుస్తుంటే జడ పట్టుకుని లాగి, బొమ్మ తెస్తానన్నాడు. నేను రాసుకుంటూనే ఉన్నాను. పశువుల మాట వచ్చింది, గేదె పేరు కూడా చెప్పింది. మేక రాలేదు. అన్నం పెట్టారు, గోంగూర పచ్చడితో. తిన్నాక మళ్లీ కూర్చున్నాం. మేక రాలేదు.

"ఇంకా ఏమైనా గుర్తున్నాయా అమ్మా? ఇంట్లో సంగతులు? చిన్నప్పటివి, నవ్వొచ్చేవి?"

"ఎన్నని చెప్పను బాబూ. నువ్వు అడుగు, చెప్తా."

నాలుగున్నరకు బస్సు ఉంది. అది పోతే చల్లపల్లిలో ఆగిపోవాలి. మనవడు రెండుసార్లు గడియారం చూశాడు. ఇరవై ఏళ్ల రిపోర్టరు పనిలో నాకు బాగా అలవడిన విద్య ఒకటుంది. ఎదుటివాళ్లు చెప్పకపోతే, చెప్పాల్సింది వాళ్ల నోట్లో పెట్టి అవునా అని అడగడం. ఎమ్మార్వోలనీ, ప్రమాదాల్లో బతికి బయటపడ్డవాళ్లనీ అలాగే మాట్లాడించాను.

"మేక ఏదైనా ఉండేదా అమ్మా? ఎర్రది?" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. ఆ చూపును నేను చాలాసార్లు గుర్తు తెచ్చుకున్నాను. అందులో ఏముందో నాకు తెలియదు.

"ఉండేది," అంది.

"చల్లపల్లి సంతలో కొన్నదా?"

"సంతలోనే కొన్నాడు మా నాయన."

"అది మీ పలక..."

"నాకింది బాబూ. నాకేసింది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మనవడు కూడా కళ్లు తుడుచుకున్నాడు. నేను కూడా.

బస్సు వంతెన ఎక్కేదాకా నాకు సంతోషంగానే ఉంది. వంతెన మీద బస్సు నిదానించినప్పుడు నోటుపుస్తకం తీసి చూసుకున్నాను. ఎర్ర, సంత, పలక. మూడు మాటలూ నా ప్రశ్నల్లోవే. ఆవిడ తనంతట తాను చేర్చింది మా నాయన అన్న ఒక్క మాట. సంతలో మేకను కొనేది ఏ ఇంట్లోనైనా నాయనే.

మర్నాడు ఉదయం తార్ మాస్టారు తెల్లచొక్కా వేసుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని నా కోసం చూస్తున్నారు. నేను కూర్చోకముందే అడిగారు.

"ఆవిడే చెప్పిందా? మీరు అడిగారా?"

ఆయన ఆ ప్రశ్న అడుగుతారని నాకు తెలుసు. దారిలో జవాబు సిద్ధం చేసుకోలేదు. నా నోటికి ఏది ముందు వస్తే అదే చెబుదామనుకున్నాను.

"ఆవిడే చెప్పింది మాస్టారూ."

ఆయన కళ్లు మూసుకున్నారు. లోపల్నించి కూతురు వచ్చి, "అబ్బాజాన్, ఏమైంది?" అని భుజం మీద చెయ్యి వేసింది. కథనం వచ్చాక ఆవిడ నాకు కుర్చీ వేసింది అదే మొదటిసారి.

ఆయనకు అంత దూరం ప్రయాణం చేసే ఓపిక లేదు. ఆవిడకు ఒక ఉత్తరం రాసి నాకిచ్చి పంపమన్నారు. మీ అన్నయ్య ఏడు నెలలు ఒక్క పొరపాటు లేకుండా పనిచేశాడు, చివర్లో కూడా చెప్పాల్సిన గుర్తు సరిగ్గానే చెప్పాడు, వినడంలో పొరపాటు నాది, అని. చివరి సందేశం ఏ తేదీన వచ్చిందో ఆయనకు గుర్తుంది, అదీ రాశారు. ఆ ఇంట్లోవాళ్లు ఆ తేదీకి తిథి చూపించుకుని, ఏటా హంసలదీవి దగ్గర సముద్రంలో కృష్ణ కలిసేచోట తర్పణాలు వదలడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది నన్ను పిలిచారు. పని ఉందని చెప్పి వెళ్లలేదు.

పెద్దాయన ఆ తర్వాత రెండేళ్లు బతికారు. నేను నెలకోసారి వెళ్లేవాణ్ని. టీ బడ్డీలో ఎవరైనా ఎత్తిపొడిస్తే, "ఆ అబ్బాయి చెల్లెలు దొరికిందిలేవయ్యా" అనేవారట. ప్రతిసారీ నిజం చెప్పేద్దామని వెళ్లి, ఆయన మొహం చూసి, వేరే మాటలు మాట్లాడి వచ్చేవాణ్ని. ఆయన మీద దయతో చెప్పలేదని కొన్నాళ్లు అనుకున్నాను. పదిహేడో నంబరు గురించి అధికారి అడిగినప్పుడు లేదు సార్ అన్నది దయతో కాదని ఆయనే నాతో చెప్పారు. భయమేసిందండీ, అంతే, అన్నారు.

రెండువేల సంవత్సరం తర్వాత ఒకసారి రొయ్యల చెరువుల గురించి రాయడానికి ఆ వైపు వెళ్లి, ఆ ఊళ్లో ఆగాను. పంచాయతీ ఆఫీసు అరుగు మీద వృద్ధాప్య పింఛన్లు ఇస్తున్నారు. పెద్దావిడ వరసలో ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. తన వంతు వచ్చినప్పుడు గుమాస్తా ఇంకుప్యాడు ముందుకు జరిపాడు. ఆవిడ ఎడమచేతి బొటనవేలు అద్ది కాగితం మీద వేసింది. తర్వాత వేలు గోడకు రాసుకుంటూ నా దగ్గరకొచ్చి, "పెద్దాయన పోయాడంటగా. మంచి మనిషి. అన్నయ్య గురించి ఆయన రాసిన ఉత్తరం వారానికోసారి చదివించుకుంటా," అంది.

పలక ఉన్న పిల్ల పెద్దయ్యాక వేలిముద్ర వేయకూడదని లేదు. నాలుగు నెలలు బడికి పోయి మానేసినవాళ్లు, అక్షరాలు మరిచిపోయినవాళ్లు దివిసీమలో ఎంతమంది లేరు. అమ్మా, మీరు బడికి వెళ్లారా అని ఒక్కమాట అడగాలి. ఈసారి జవాబు అందులో లేని ప్రశ్న. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. రొయ్యల చెరువుల వాళ్లు జీపులో ఎదురుచూస్తున్నారని చెప్పి వచ్చేశాను.

మరుసటి ఏడు ఆవిడ పోయింది. పెద్దకర్మకు వెళ్లాను. గోడ మీద ఆవిడ ఫోటో పక్కన చట్రం కట్టించిన ఇంకొకటి ఉంది. లోపల ఫోటో లేదు. తార్ మాస్టారు రాసిన ఉత్తరం ఉంది. దానికీ దండ వేశారు.

మనవణ్ని పక్కకు పిలిచి అడిగాను.

"మా నాయనమ్మ బడికా?" అని ఆలోచించాడు. "ఏమోనండీ. పోయిందని ఎప్పుడూ అనలేదు, పోలేదనీ అనలేదు. ఎందుకండీ?"

"ఊరికే," అన్నాను.

తిరిగి వచ్చేముందు ఆ ఊరి బడికి వెళ్లాను. హెడ్మాస్టరు ఓపిగ్గా బీరువా తెరిచి చూపించాడు. అందులో ఉన్న అన్నింటికన్నా పాత హాజరు పుస్తకం డెబ్భై ఏడు ఉప్పెన తర్వాతది. అంతకు ముందువన్నీ ఆ నీళ్లలో పోయాయి. ఆ బడిలో ఎవరు చదివారో, ఎవరు చదవలేదో చెప్పే కాగితం ఒక్కటీ మిగల్లేదు.